చెప్పుల పెట్టె ప్రొజెక్టర్ వారికి

మహారాజశ్రీ చెప్పుల పెట్టె ప్రొజెక్టర్ వారి సముఖమునకు, పర్లాకిమిడి నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, నిన్న రాత్రి మేడ మీద జరిగిన భాగోతం తర్వాత ఇక్కడ కుశలమేమీ లేదు.

తమకి ఏం తక్కువ చేశాను? కొత్త చెప్పుల్ని గుమ్మం బయట వదిలేసి పెట్టెని నట్టింట్లో కూర్చోబెట్టాను. పాతపట్నం వెళ్లి 120 రూపాయలకి భూతద్దం తెచ్చి తమ ముఖాన అతికించాను. లోపలంతా నల్ల చార్టు అంటించి, పెళ్లి వీడియో ఉన్న ఫోను నిలబెట్టాను. తెరకని నాన్న పట్టుపంచె కింద మడిచి ఉన్న తెల్ల పంచె లాగాను. "ఇంట్లోనే సినిమా హాలు" అని వీడియోలో ఎవరో అంటే నమ్మి, చెల్లి పెళ్లి చూపిస్తానని పక్కింటి ఒడియా మాస్టారి ఇంటిల్లిపాదితో సహా 14 మందిని పిలిచాను.

మొదట పెళ్లికొడుకు శీర్షాసనం వేసుకుని వచ్చాడు. ఫోను తిరగేసి పెట్టాను. మనుషులు నిలబడ్డారు, కుడిఎడమలు మాత్రం తారుమారు. బంతిభోజనాలు రాగానే మామ్మ, "ఏట్రా, మగపెళ్లోరందరూ ఎడం సేత్తో తింతన్నారు?" అంది. తర్వాత పేర్లు పడ్డాయి. 1936లో ఒరిస్సాలో కలవక ముందు నుంచీ రెండు లిపుల మధ్యే బతుకుతున్న ఊరు మాది. అయినా ఆ తిరగబడ్డ గుండ్రాలు చూసి మేం ఒడియా అనుకున్నాం, మాస్టారు తెలుగనుకున్నారు. ఒకరి మర్యాదకి ఒకరం తలలూపాం.

అంచుల్లో చుట్టాలంతా అలుక్కుపోయారు, పోనీ. లోపల ఫోను వేలెడు జరిగితే ఫోకస్ పోయింది, అదీ పోనీ. వెలుగు సంగతేమిటండీ?

6 అంగుళాల బొమ్మని 60 అంగుళాలు చేశారు. పొడవు పది రెట్లు, ఎత్తు పది రెట్లు, ఉన్న వెలుగు నూరు వాటాలు. గరిటెడు పప్పు ఊరందరికీ వడ్డించడమే. ఆ గరిటెడైనా వచ్చిందా? ఫోను వెలుగు నలువైపులా పోతుంది, భూతద్దం మీద పడ్డ పిసరే బయటికొస్తుంది. మిగతాదంతా లోపలున్న నల్ల చార్టు మింగేసింది. ఆ చార్టు నేను కొన్నదే! బ్రైట్‌నెస్ చివరంటా లాగితే ఫోను పెనంలా కాలింది గానీ నువ్వు వెలగలేదు. ఎదురుగా వీధిలైటు పళ్లికిలించింది. మిణుగురు పురుగు నయం కదటోయ్ నీకన్నా! చెప్పులు మోసుకునే అట్టముక్కవి, నీకెందుకురా సినిమా? రేపు పొయ్యిలో పెడతాను చూడు.

అనుకుంటూ ఉండగానే కరెంటు పోయింది.

వీధిలైటు చచ్చింది. పంచె మీద చెల్లి కనిపించింది. అప్పగింతలు. మాస్టారి పిల్లలు కూడా కిక్కురుమనలేదు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చెల్లి కారెక్కి, ఎడం చేత్తోనే అయినా, మా వైపు చెయ్యూపింది.

సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. ఊరంతా హమ్మయ్య అంది, మా మేడ మీద తప్ప.

పొయ్యి సంగతి తర్వాత చూద్దాం. పొద్దున్నించీ మామ్మ అడుగుతోంది, "ఇయ్యాల కరెంటెప్పుడు పోతాదిరా?" అని.

ఇట్లు,
తమరిని కత్తిరించి అతికించినవాడు