గాజు పాత్రలో చీముండదు
గాయాల మీద పూసే యాంటీసెప్టిక్ మందు నిమిషంలో బ్యాక్టీరియాను చంపేస్తుందని ఈమధ్య నేను చదివిన ఓ వ్యాసంలో రాశారు. ల్యాబ్‌లో నిజమే, అక్కడి గాజు పాత్రలో చీమూ నెత్తురూ ఉండవు కదా. నేను పలాస దగ్గర ఓ ఆసుపత్రిలో పదేళ్లు డ్రెస్సింగులు చేశాను. ఊడ్పుల రోజుల్లో కాలు కోసుకున్నవాళ్లు బురద మీదే పోవిడోన్ అయోడిన్ అనే ఎర్రటి యాంటీసెప్టిక్ మందు పోసుకుని వచ్చేవారు. అయోడిన్ శక్తి చాలావరకు ఆ బురద మీదా చీము మీదే ఖర్చయిపోతుంది, ఎర్రటి రంగు వెలిసిపోవడం కంటికి కనిపిస్తుంది కూడా. ముందు గాయం శుభ్రంగా కడగాలి, తర్వాతే మందు, అదీ ఆరేదాకా ఆగాలి. ఇంకోటి, నీళ్లు కలిపి రోజుల తరబడి ఉంచేసిన క్లోర్‌హెక్సిడిన్ అనే మరో యాంటీసెప్టిక్‌లో సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలు హాయిగా బతికేస్తాయి. మా దగ్గరా అలాంటి సీసా ఒకటి, మూతి చుట్టూ జిగురు కట్టి, కిటికీలో ఉండేది. పారబొయ్యమంటే "మందు సీసాలో పురుగులేటమ్మా" అని నవ్వేది మా ఆయా.