బార్డర్ల ఉన్నోళ్ల విన్నపం

మా ఇంట్ల నలుగురం ఉంటే ముగ్గురం బార్డర్ల ఉన్నం. కంచె లేదు, మిలట్రీ లేదు, కాగితాలు అడిగేటోడు లేడు, అయినా బార్డరే. నా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, 6.1, మా ఇంటామెది 5.9, మా బావమరిదిది 6.3. ఆయన మా ఇంట్లనే ఉంటడు, ఎందుకుంటడనేది వేరే వ్యాసం. నాలుగో మనిషి మా బిడ్డ, న్యూట్రిషన్‌ల ఎంఎస్సీ చేస్తున్నది, ఈ కథల విలన్ ఆమెనే.

రిపోర్టు చేతిల పెట్టుకుంట ల్యాబ్ పిలగాడు "ఏం లేదు సార్, జర బార్డర్ల ఉన్నది" అన్నడు. చూడుండ్రి, ఏం లేదన్నడు, ఉన్నదన్నడు, రెండూ ఒక్క ముక్కలనే. నేను "ఏం లేదు" వరకే తీసుకొని బయటికొచ్చిన, వచ్చుకుంట చౌరస్తా కాడ ఆగి ఆ సంతోషం మీద పావుకిలో మైసూర్‌పాక్ కట్టించిన.

ఇప్పుడు మనవి ఏందంటే, మమ్ములను ఎవ్వరూ పట్టించుకుంటలేరు. 5.7 నుంచి 6.4 దాక ఉంటే ప్రీడయాబెటిస్ అంటరు, 6.5 కొట్టిందంటే షుగరే. పరగడుపు లెక్కనైతే 100 నుంచి 125. ఐసీఎంఆర్, అదే వైద్య పరిశోధన చూసే సర్కారు సంస్థ, వాళ్ల పెద్ద సర్వే 2023ల బయటికొచ్చింది, దాని ప్రకారం దేశంల షుగర్ ఉన్నోళ్లు 10 కోట్ల 10 లక్షలు, బార్డర్ల ఉన్నోళ్లు 13 కోట్ల 60 లక్షలు. అంటే మేమే ఎక్కువ. ఇంత జనం ఉండి ఒక కార్పొరేషన్ లేదు, ఒక ఎమ్మెల్సీ సీటు లేదు, కనీసం మా వరంగల్ భద్రకాళి బండ్ మీద కూసునే బెంచీలల్ల ఒక కోటా లేదు. (నడిచేతందుకు కోటా అడుగుతలేం, కూసునేటందుకే.)

మీకు తెల్వంది కాదు, బార్డర్ల ఉండుడంత సుఖం ఇంకోటి లేదు. షుగర్ వచ్చినోనికి గోలీలు, సూదులు, కాళ్ల మంటలు, ఇంట్లోళ్ల కాపలా. ఏం లేనోనికేమో గౌరవమే లేదు. బార్డరోనికి రెండు దిక్కుల లాభం, చాయ్‌ల చక్కెర వద్దంటే అందరూ అయ్యో పాపం అంటరు, ఆ చక్కెర మిగిలింది కదా అని వాడు రెండు జిలేబీలు తింటడు. మా బావమరిది అయితే ఈ లెక్కను నోట్‌బుక్కుల రాసి పెట్టుకుంటడు, బ్యాలెన్స్ ఎప్పుడూ ఆయన దిక్కే ఉంటది.

ఇక్కడనే ఇల్లు కట్టుకొని స్థిరపడదామనుకున్నం. బిడ్డ ఊకుంటదా? చెన్నైల డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి టీం చేసిన స్టడీ ఒకటి తెచ్చి ముందట పెట్టింది, 2006ల అచ్చయిందట. మా అసొంటోళ్లను 531 మందిని పట్టుకొని నాలుగు గుంపులు చేసిండ్రు. ఒక గుంపుకు మామూలుగ నాలుగు మంచిమాటలు చెప్పి పంపిండ్రు, రెండో గుంపును తిండి మార్చుకొమ్మని నడవమని ఎంబడిపడ్డరు, మూడో గుంపుకు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలి, నాలుగో గుంపుకు రెండూ. మూడేండ్లకు చూస్తే మొదటి గుంపుల నూటికి 55 మంది బార్డర్ దాటి అవతల పడ్డరు, మిగిలిన మూడు గుంపులల్ల అది 40 దరిదాపుల్ల ఆగింది.

"మిగిలిన 45 మంది దాటలే కదనే, నేను గండ్ల ఉంట" అన్న. "నీకెట్ల తెలుసు డాడీ" అన్నది. డిగ్రీల మా క్లాస్ పాస్ పర్సంటేజీ కూడ గంతనే ఉండె, నేను పాసైన కదా, గిది కూడ గట్లనే. ఇంకో ముచ్చట సూడుండ్రి, గోలి మింగుకుంట నడిచినోళ్లకు ఉత్తగ నడిచినోళ్ల కన్న ఎక్స్‌ట్రా లాభం ఏం రాలే. అంటే రెండిట్ల ఏదన్న ఒకటి చేస్తే సాలు. నేను ఇంకో అడుగు ముందటికేసి ఆ ఒకటి కూడ ఆపిన.

అమెరికల అయితే 3234 మంది మీద చేసిండ్రు, 2002ల అచ్చేసిండ్రు. ఒంటి బరువుల 7 శాతం తగ్గాలె, వారానికి 150 నిమిషాలు నడవాలె, గంతే. షుగర్ వచ్చుడు 58 శాతం తగ్గింది, గోలితోనైతే 31 శాతమే. నా బరువు 82, అండ్ల 7 శాతం అంటే 5 కిలోల 740 గ్రాములు, ఎనుమాముల మార్కెట్ల గంత తూకం తేడా వస్తే కొట్లాటలయితయి, గసొంటిది నా ఒంట్లకెళ్లి ఊకెనే ఇచ్చేయాల్నట. పైగా వాళ్లకు మొదటి ఆర్నెల్లల్ల 16 క్లాసులు, చెప్పేతందుకు మనిషికో కోచ్. నాకు మా ఇంటామె రోజుకు 16 క్లాసులు చెప్తది, ఫలితం ఎందుకు వస్తలేదో సైంటిస్టులే తేల్చాలె.

చైనాల డాచింగ్ అనే ఊర్ల 1986ల మొదలువెట్టి 30 ఏండ్ల దాక ఎంబడివడి లెక్కగట్టిండ్రు, ఆరేండ్లు పద్ధతిగ ఉన్నోళ్లకు షుగర్ సుమారు నాలుగేండ్లు లేటుగ వచ్చిందట, గుండెజబ్బు చావులు మూడో వంతు తక్కువయినయట. మన తాన రోడ్డు నాలుగేండ్లు లేటయితే ధర్నా చేస్తం, గిదేమో లేటయితేనే మంచిదంటున్నరు.

ఇగ టేపు కథ. ఇది మాత్రం నిమ్మలంగ చెప్పాలె.

పై పోర్షన్ల బ్లౌజులు కుట్టే అక్క దగ్గర పచ్చ టేపు అడుక్కొచ్చింది మా బిడ్డ. మెటబాలిక్ సిండ్రోమ్, అంటే షుగర్, గుండెజబ్బు ముప్పు పెంచే సంగతులన్ని ఒక్క ఒంట్ల జమయినట్టు, అది ఉందో లేదో చూస్తదట. 1988ల జెరాల్డ్ రీవెన్ అనే అమెరికా డాక్టర్ దీనికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టిండు, ఇప్పుడు ఐదు సంగతులు చూస్తరు, నడుము, ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంల కొవ్వు, మంచి కొలెస్ట్రాల్, బీపీ, షుగర్. ఐదిట్ల మూడొస్తే ఉన్నట్టు. మన మొగోళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 80 దాటొద్దు. నేను ధైర్యంగ "నా ప్యాంట్ సైజు 34, అంటే 86 సెంటీమీటర్లు, రాస్కో" అన్న.

"డాడీ, అది నీ నడుము సైజు కాదు, నీ ప్యాంటు పొట్ట కిందికి జారి జారి ఎక్కడ ఆగిందో గక్కడి సైజు" అన్నది.

కింది పక్కటెముక ఒక వేలుతోని, తుంటి బొక్క పైకొన ఇంకో వేలుతోని పట్టుకొని, ఆ రెండిటి నడుమ టేపు తిప్పింది. నేను ఊపిరి బిగబట్టిన. 94. "పట్టు బావా, ఇంకో నాలుగే, పట్టు" అని మా బావమరిది కబడ్డీ కాడ అరిచినట్టు అరుస్తున్నడు. నవ్వొచ్చింది, ఊపిరి వదిలిన, 98. టేపు పొట్టల ఇరికి తీస్తే సన్నటి గీత పడ్డది, గీత మీద అంకెల అచ్చు కూడ జర జర కనవడ్డది. మొత్తం కూడితే ఒక్క బీపీ తప్ప నాలుగూ వచ్చినయి. మూడొస్తే సాలునన్న కాడ నాలుగొచ్చినయంటే డిస్టింక్షనే కదా, ఇంటర్‌ల కూడ నాకు ఇన్ని మార్కులు రాలే.

సన్నగున్నోళ్లు నవ్వకుండ్రి, మీ జాతకం కూడ ఉంది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరు పక్కపక్కన నిలవడి ఫొటో దిగి 2004ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వేయించిండ్రు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు లెక్క, ఒక్కటే, 22.3. ఒంట్ల కొవ్వు మాత్రం లండన్ ఆయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. అంటే బయటికి పుల్ల లెక్క, లోపల వెన్నముద్ద. చేతులు కాళ్లు చూసి ఈయనకేం రోగం అనుకుంటం, అసలు సరుకంత పొట్టల దాచిపెట్టిండు. పైసలు బ్యాంకుల పెట్టక భూమిల పాతిపెట్టుకునే జాతి మనది, కొవ్వు కాడ కూడ గదే బుద్ధి.

తిండి విషయంల నేనేం చేయలేదనుకోకుండ్రి. తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, మన అగ్రికల్చర్ యూనివర్సిటీ తెచ్చిన వడ్లు, గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నంక షుగర్ ఎంత జోరుగ పెరుగుతదో చెప్పే లెక్క, 51 చిల్లరనే అని పేరున్న బియ్యం, గదే తెచ్చిన. ఆ మాట ఇంట్ల తెలిసిన నాటిసంది మూడోసారి వడ్డించుకునేటప్పుడు ఎవ్వరికీ తప్పు చేసినట్టు అనిపిస్తలేదు, "షుగర్ బియ్యమే కదా" అంటం, నెలకు పాతిక కిలోల బస్తా సరిపోయేది ఇప్పుడు ఇరవై రోజులకే దులపరిస్తున్నం. రాత్రి పూట అన్నం బంద్, చపాతీలే, ఆరు. దాని మీద కూడ బిడ్డ నీళ్లు చల్లింది. 2025ల ఐసీఎంఆర్ వాళ్లదే ఇంకో పేపర్ వచ్చిందట, మనం తినే కేలరీలల్ల 62 శాతం అన్నం రొట్టెల అసొంటి పిండి పదార్థాలకెళ్లే వస్తున్నయట, బియ్యం తీసేసి గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టినా మొత్తం మోతాదు తగ్గకపోతే ముప్పు తగ్గుతలేదట. ఇగ జొన్నరొట్టె తింటున్నా అని చెప్పుకునే గౌరవం కూడ పాయె.

సూది ముచ్చట కూడ వచ్చింది. టిర్జెపటైడ్ అని, ఆకలి, బరువు తగ్గించే సూది, 2025 మార్చిల మన దేశంల అమ్ముడు మొదలైంది. బార్డర్ల ఉండి లావు ఉన్నోళ్లు 1032 మంది మీద స్టడీ చేస్తే, వారానికోసారి 176 వారాలు ఈ సూది ఏసుకున్నోళ్లకు ఉత్త సూది ఏసుకున్నోళ్ల కన్న షుగర్ వచ్చే ముప్పు 94 శాతం తగ్గిందట. గీ అంకె వినంగనే మా బావమరిది లేచి నిలవడ్డడు. "సూది ఏసుకుంటే బగారా తినొచ్చా?" అని డాక్టర్‌నే అడిగిండు. డాక్టర్ నవ్వి "తినొచ్చు, కానీ తినబుద్ధి కాదు" అన్నడు. మా బావమరిది మొఖం చూడాల్సింది. వేలకు వేలు పెట్టి ఆకలి పోగొట్టుకునుడా? ఆపితే బరువు మళ్ల వస్తదన్నరు, గదొక్కటే ఆయనకు జర ధైర్యం ఇచ్చింది.

అన్నిటికన్న అగ్గువది ఫోన్ల మెసేజ్‌లట. దక్షిణాదిల బార్డర్ల ఉన్న 537 మంది మొగోళ్లల్ల సగం మందికి తిండి, నడక గురించి రెండేండ్లు ఎస్ఎంఎస్‌లు పంపిండ్రు, వాళ్లల్ల నూటికి 18 మందికి షుగర్ వచ్చింది, పంపనోళ్లల్ల 27 మందికి. 2013ల వచ్చిన లెక్క ఇది. నాకైతే పొద్దున లేస్తే గులాబీ పువ్వు గుడ్‌మార్నింగ్‌లు నలభై వస్తయి, కాకరకాయ రసం వీడియోలు పది, ఫార్వర్డ్ చేసీ చేసీ బొటనవేలు మాత్రం సన్నవడ్డది.

మొన్న ఆదివారం హంటర్ రోడ్డు ఫంక్షన్ హాల్ల మా పెదనాయన కొడుకు దావత్. ఈసారి సైన్స్ ప్రకారం తిందామని తీర్మానం చేసుకొని పోయిన. 2015ల న్యూయార్క్‌ల షుగర్ ఉన్నోళ్లు 11 మంది మీద చిన్న స్టడీ చేసిండ్రు, కూరగాయలు, మాంసం ముందు తిని పిండి పదార్థం ఎనుక తింటే, గంటకు షుగర్ మూడో వంతుకు పైననే తక్కువ ఉన్నదట. సరే అని వడ్డించే పిలగానికి "అన్నం ఇప్పుడొద్దు, ముందు కూర పెట్టు" అన్న. ముక్కలు తిన్న. ఇంకోసారి పెట్టుమన్న. పక్క బంతి చూపులు నా ఇస్తరి మీదికి వచ్చినయి. బగారా ముట్టకుండ ఉత్త మటన్ తినేటోడంటే మనకాడ లెక్కనే వేరు, పనివెట్టుకొని వచ్చిండంటరు.

మా అన్న ఉరికొచ్చిండు. "ఏంది తమ్మీ, బువ్వ ముడుతలేవు, నా మీద కోపమా? పొలం కాడి ముచ్చట ఇంక మనసుల పెట్టుకున్నవా?"

పొలం ముచ్చట నేను ఎప్పుడో మర్చిపోయిన, ఆయన మర్చిపోలేదని అప్పుడే తెలిసింది. బార్డర్ గురించి చెప్పబోయిన. "బార్డరే కదా, వచ్చిందా ఏంది" అని గంటె నిండ బగారా వేసిండు. వద్దన్న. ఒట్టు పెట్టుకున్నడు. గీ ఒట్టు అనే పదార్థం ఏ స్టడీల కలిపిండ్రో, ఏ గుంపుకు ఇచ్చిండ్రో నాకైతే ఎక్కడా కనవడలే. మూడు గంటెలు పడ్డయి, పైన డబల్ కా మీఠా.

తప్పు దిద్దుకుందామని బయటవడ్డ. తిన్న ప్రతిసారి 15 నిమిషాలు నడిస్తే పొద్దున 45 నిమిషాలు నడిచినంత పని చేస్తదని 2013ల ఒక స్టడీ వచ్చింది, షుగర్ దగ్గరికొచ్చిన పెద్దమనుషులు పది మంది మీద చేసింది. జూపార్క్ దిక్కు మొఖం పెట్టి నడుస్తున్న. రెండు నిమిషాలు కాలే, మా అన్న కొడుకు బండి ఆపిండు, "బాబాయ్, నడుస్తున్నవేంది, బండి ఖరాబయిందా, ఎక్కు." పంపేసిన. ఇంకో నిమిషంకు ఆటో ఆయన రివర్స్ తీసుకొచ్చి "సార్, యాభై ఇయ్యుండ్రి, ఎండల ఎందుకు" అన్నడు. చెయ్యి ఊపిన. నాలుగో నిమిషంల తెల్ల కారు పక్కకొచ్చి అద్దం దిగింది, లోపల మా బిడ్డకు సంబంధం చూస్తున్న పెద్దమనిషి, "బావగారూ, ఇదేం ఖర్మ, నడుచుకుంట పోతున్నరా" అని తలుపు తీసి పట్టుకున్నడు.

ఎక్కిన. లోపల ఏసీ మంచిగున్నది. దావత్‌ల మిగిలిన బగారా టిఫిన్ డబ్బాల వేడివేడిగ నా ఒళ్లె పెట్టి జర పట్టుకోమన్నడు.