ఐదు పేజీలు చదవలేని రచయిత

నా మొదటి నవలకి నాలుగేళ్ళు పట్టింది. మూడో అధ్యాయం ఒక్కటే పదకొండుసార్లు తిరగరాశాను. ఒకచోట 'అప్పుడే' అనాలా, 'అప్పటికే' అనాలా అని తేలక ఒక పూటంతా కూర్చున్న రోజు కూడా ఉంది. అదే నవలకి ప్రచురణ ఒప్పందం వచ్చిన రోజు మాత్రం ఐదు పేజీలనీ నేరుగా చివరికి తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నాను. మొత్తం రెండు నిమిషాల పని.

"ఫార్మాలిటీయే మేడం, అందరికీ ఇదే కాగితం" అన్నారు అవతలి నుంచి. నాకు ఆ మాట కూడా అక్కర్లేకపోయింది. పుస్తకం వేస్తామన్నారు కదా, అంతే చాలు. ఆ సంతోషంలో ఇల్లు రాసిమ్మన్నా రాసిచ్చేదాన్నేమో.

ఇప్పటికి నాలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. కొత్తగా రాస్తున్నవాళ్ళకి పనికొస్తుందని ఈ పోస్టు మొదలుపెట్టాను గానీ, ఇందులో ఎక్కువ భాగం నా మీద నాకున్న కోపమే. ఓపికుంటే చదవండి.

నవల వచ్చిన మూడేళ్ళకి ఆడియో పుస్తకాలు చేసేవాళ్ళు ఒకరు ఫోన్ చేశారు. "హక్కులు మీ దగ్గరే ఉన్నాయా?" అని అడిగారు. "నా పుస్తకం హక్కులు నా దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంటాయండీ" అన్నాను, ధీమాగా. ఒప్పందం కాపీ పంపమన్నారు. పంపేముందు, ఎందుకో, చదివాను. అదే మొదటిసారి. రెండో పేజీలో ఉంది: అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, ఇప్పుడున్న, ఇకమీదట రాబోయే మాధ్యమాలన్నిటిలో, కాపీరైట్ అమల్లో ఉన్నంతకాలం హక్కులు ప్రచురణకర్తవి. ఆ ప్రచురణకర్త ఆడియో చెయ్యరు. అనువాదాలూ చేయించరు. చెయ్యని పనుల హక్కులు కూడా తీసుకుని పెట్టెలో పెట్టుకున్నారు. తీసుకున్నారు అనడం కూడా అన్యాయమే, నేనే ఇచ్చాను.

'కాపీరైట్ రచయితది' అని పుస్తకం రెండో పేజీలో నా పేరు చూసుకుని మురిసిపోయాను కదా, మరి అదేమిటి? అది నిజమే. కాపీరైట్ గురించి దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రాసినదాని మీద హక్కు రాయడంతోనే పుడుతుంది, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కానీ హక్కు నాదై ఉండి, వాడుకునే అధికారం మొత్తం ఇంకొకరికి రాసిచ్చేశాక మిగిలేదేమిటి? ఇంటి కాగితాలు నా పేరున ఉన్నాయి, తాళాలు వాళ్ళ దగ్గరున్నాయి. పైగా ఎంతకాలానికి? 1886లో పుట్టి తర్వాత చాలాసార్లు సవరణలు పొందిన ఆ బెర్న్ ఒప్పందం ప్రకారం కాపీరైట్ కనీసం రచయిత జీవితకాలం, ఆ పైన 50 ఏళ్ళు. చాలా దేశాల్లో 70. అంటే రెండు నిమిషాల్లో గీసిన సంతకం నేను పోయాక కూడా అర్ధశతాబ్దం పైగా పనిచేస్తుంది. నా రాతల్లో అంత ఆయుష్షు ఉన్నది బహుశా అదొక్కటే.

ఇక డబ్బు సంగతి, అంటే అమ్మిన ప్రతి కాపీకీ రచయితకి రావాల్సిన వాటా, రాయల్టీ. "మనకి పది శాతం రాయల్టీ" అని చెప్పుకుని తిరిగేదాన్ని. దేనిలో పది శాతం? పుస్తకం మీద అచ్చేసిన ధరలోనా, ప్రచురణకర్త చేతికి వచ్చినదానిలోనా? ఈ ఒక్క ప్రశ్నలో సగం ఆదాయం ఉంది. పంపిణీదారుకీ, అమ్మేవాళ్ళకీ కలిపి సగం ధర డిస్కౌంటుగా పోయిందనుకోండి. అచ్చు ధర వంద అయితే మొదటి లెక్కన నాకు పది, రెండో లెక్కన ఐదు. రెండు ఒప్పందాల్లోనూ కనిపించేది అదే '10 శాతం'. నా ఒప్పందంలో ఉన్న పదం 'నికర రాబడి'. ఆ నికరంలోంచి ఏమేం తీసేస్తారో ఎక్కడా లేదు.

అడ్వాన్స్ అంటే బహుమతి అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది ముందుగా ఇచ్చిన రాయల్టీ. కాపీకి ఇరవై వచ్చే పుస్తకానికి ఇరవై వేలు అడ్వాన్స్ తీసుకుంటే, మొదటి వెయ్యి కాపీలూ ఆ బాకీ కిందికే పోతాయి. వెయ్యిన్నొకటో కాపీ నుంచి మన డబ్బు మొదలు. ఆ వెయ్యి అమ్ముడుపోకపోయినా తిరిగి కట్టాల్సిన పని మామూలుగా ఉండదు. 'మామూలుగా' అన్నాను, మీ కాగితంలో ఏముందో చూసుకోండి.

అమ్ముడైందన్నది కూడా ఎప్పుడో గానీ తేలదు. అమ్మకందారు తీసుకెళ్ళిన పుస్తకాలు అమ్ముడుపోకపోతే వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా ప్రచురణకర్తలు అమ్మకందారులకి ధైర్యం చెప్పడానికి ఈ వెసులుబాటు ఇచ్చారు. మాంద్యం పోయింది, పద్ధతి ఉండిపోయింది. అందుకే రాయల్టీ లెక్కలో 'వాపసు రావచ్చు' అని కొంత పట్టి ఉంచుతారు. పట్టి ఉంచడంలో తప్పు లేదు. ఎంత శాతం, ఎన్నాళ్ళు అన్నది రాయకపోవడం తప్పు.

ఇవన్నీ ఈ కాలపు గొడవలని అనుకునేవాళ్ళకి ఒక పాత ముచ్చట. ఇంగ్లీషు కవి మిల్టన్ తన కావ్యం 'పారడైజ్ లాస్ట్'ని 1667లో ముద్రాపకుడికి ఇచ్చాడు. అప్పుడు చేతికి ఐదు పౌండ్లు, 1300 కాపీలు అమ్ముడయ్యాక ఇంకో ఐదు. అంత పెద్ద కావ్యానికి ఐదు పౌండ్లా అని అందరూ జాలిపడతారు గానీ, నాకు ఆ ఒప్పందంలో నచ్చేది వేరే. ఎన్ని అమ్మారో అడిగినప్పుడు ప్రమాణం చేసి చెప్పాలి, చెప్పకపోతే ఆ విడత మొత్తం అమ్ముడైనట్టే లెక్కగట్టి డబ్బు ఇవ్వాలి అని కూడా అందులో ఉంది. అప్పటికి ఆయనకి చూపు పోయి పదిహేనేళ్ళు. కళ్ళు లేని మనిషి పెట్టించుకున్న షరతు, రెండు కళ్ళూ ఉన్న నేను వెతకను కూడా వెతకలేదు.

ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్‌ది ఇంకో దారి. మొదటి నవలని తన ఖర్చు మీద, నష్టమొస్తే తనే భరించేలా 1811లో వేయించింది. 140 పౌండ్లు మిగిలాయి. రెండోదైన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కుల్ని మాత్రం 110 పౌండ్లకి ఏకమొత్తంగా అమ్మేసింది. ఆమె ఆశించింది 150. పుస్తకం 1813లో వచ్చింది, ఆ ఏడే రెండో ముద్రణకి వెళ్ళింది, అందులోంచి ఆమెకి ఒక్క పౌండు కూడా రాలేదు. ఆ తర్వాతి నవలకి మళ్ళీ మొదటి దారే పట్టింది. ఒకసారి దెబ్బ తిని సర్దుకుంది. నాకు అదే దెబ్బ రెండుసార్లు తగిలింది, రెండో పుస్తకం ఒప్పందం కూడా చదవకుండానే సంతకం పెట్టాను కాబట్టి.

ఎందుకు చదవలేదు? బద్ధకం కాదు. సిగ్గు. 'డబ్బు గురించి అడిగితే ఏమనుకుంటారో', 'ఈమెకి రాతకంటే లెక్కలే ముఖ్యమని అనుకుంటారేమో'. ప్రతిఫలం ఆశించకుండా రాయాలన్న మాట ఎవరు నేర్పారో గానీ, దాన్ని రచయితలకి మాత్రమే నేర్పారు. కాగితం అమ్మినవాళ్ళకి డబ్బు, ప్రెస్సుకి డబ్బు, ముఖచిత్రం వేసినవాళ్ళకి డబ్బు, పార్సెల్ మోసినవాళ్ళకి డబ్బు. రాసినవాళ్ళకి పది కాపీలు, బోలెడంత గౌరవం. బైండింగు చేసే ఆయన్ని "మీరు సాహిత్యసేవగా కుట్టండి" అని ఎవరైనా అడిగారా?

ప్రచురణకర్తలంతా దొంగలని నేను అనడం లేదు. ఆ మాట అనేవాళ్ళు గోదాములో పేరుకున్న కట్టలు ఎప్పుడూ చూసి ఉండరు. చాలా పుస్తకాలు పెట్టిన ఖర్చు కూడా తేవు. వాళ్ళు వాళ్ళకి అనుకూలంగా కాగితం రాసుకుంటారు, అది వ్యాపారం. మనకి అనుకూలంగా అడగాల్సింది మనం. నా మొదటి సంపాదకురాలు నిజంగా గొప్ప మనిషి. నా ప్రతిలో 'కొంత', 'ఒకరకమైన', 'చాలావరకు' లాంటివి కనబడితే చాలు, ఎర్రసిరాతో చుట్టి పక్కన "ఎంత? ఏ రకం?" అని రాసేది. ఆవిడ దగ్గరే కదా నేర్చుకున్నాను! మరి ఒప్పందంలో 'సమంజసమైన వ్యవధిలో' అని ఉంటే నా ఎర్రసిరా ఏమైంది? ఎంత వ్యవధి, ఎవరికి సమంజసం? ప్రతిని ఇచ్చాక ఏడాదిలో వెయ్యకపోతే హక్కులు వెనక్కి అని రాస్తే అది వాక్యం. లేకపోతే విశేషణం. నవలలో ఒప్పుకోని రాతని ఒప్పందంలో ఒప్పుకున్నాను.

"మీరూ కొంత పెట్టుబడి పెట్టండి, మేం వేస్తాం" అనేవాళ్ళ గురించి రెండు ముక్కలు. అక్కడ కొనేది పాఠకులు కాదు, మీరే. పుస్తకం అమ్ముడైనా కాకపోయినా వాళ్ళ లాభం అప్పటికే వచ్చేసింది. సొంతంగా వేసుకోవడం వేరు, అది గౌరవంగా చేసుకునే పని, కొన్ని పుస్తకాలకి అదే మంచిది కూడా. తేడా ఎలా తెలుస్తుందంటే, డబ్బు మీరే పెట్టాక ఫైళ్ళు, హక్కులు, ధర నిర్ణయం, పుస్తకానికి గుర్తింపు అంకె అయిన ఐఎస్‌బిఎన్ ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి. ఆ పదమూడంకెల్లో ప్రచురణకర్తని గుర్తుపట్టే అంకెలు కూడా ఉంటాయి. మీ డబ్బుతో వేసి అంకె వాళ్ళ పేరున ఉంటే, లోకం లెక్కలో ప్రచురణకర్త మీరు కాదు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తోంది. ఆడియో వాళ్ళు వెళ్ళిపోయాక హక్కులు వెనక్కి ఇమ్మని అడిగాను. అప్పటికి నవల ఎక్కడా దొరకడం లేదు, పాఠకులు నన్నే కాపీ అడిగేవాళ్ళు. ఒప్పందంలో 'పుస్తకం ముద్రణలో లేకపోతే' హక్కులు వెనక్కి అని ఉంది, పోనీ ఒక్క వాక్యమైనా మనకి ఉందనుకున్నాను. జవాబు వచ్చింది: "మేడం, పుస్తకం ముద్రణలోనే ఉంది. ఎవరైనా ఆర్డరిస్తే ఒక కాపీ ప్రింటు తీసి పంపుతాం." ప్రింట్ ఆన్ డిమాండ్ వచ్చాక 'ముద్రణలో లేదు' అన్న మాటకి అర్థమే లేకుండా పోయింది. ఏ పుస్తకమూ చచ్చిపోదు, బతకనూ బతకదు. అందుకే ఇప్పుడు నేను అడిగే మొదటి మార్పు ఇది: ఏడాదిలో ఇన్ని కాపీలకంటే తక్కువ అమ్ముడైతే హక్కులు వెనక్కి. అంకె వెయ్యండి, మాటలు వద్దు. మూడో పుస్తకానికి అడిగినప్పుడు నా గొంతు వణికింది. అవతలి ఆయన "సరేనండీ, ఎంత వేద్దాం?" అన్నారు. అంతే! ఇన్నేళ్ళ టెన్షన్ ఆ ఒక్క మాటకి. అడిగినవన్నీ ఇచ్చారని కాదు. అనువాద హక్కులు వదిలారు, ఈబుక్ వదల్లేదు. తర్వాతి పుస్తకం ముందు వాళ్ళకే చూపించాలన్న షరతుకి రెండు నెలల గడువు పెట్టించుకున్నాను.

మొదటి నవల హక్కుల కోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. రెండేళ్ళ పైన పట్టింది. చివరికి పోయిన నెల లెటర్‌హెడ్ మీద, సంతకంతో, ముద్రతో కాగితం వచ్చింది, హక్కులన్నీ రచయితకి తిరిగి ఇచ్చేస్తున్నాం అని. ఈసారి కూర్చుని ప్రతి అక్షరం చదివాను. తేదీ సరిగ్గా ఉంది, నా పేరు సరిగ్గా ఉంది. నవల పేరులో మాత్రం ఒక అక్షరం తప్పు పడింది. ఆ పేరుతో నేను ఏ పుస్తకమూ రాయలేదు మరి. ఎర్రసిరాతో చుట్టి తిప్పి పంపాను.