వేలిముద్ర వేసిన ఘనులం

గుంటూరు జిల్లా అక్షరాస్యత 67.4 శాతమని 2011 జనగణన తేల్చింది. అదే లెక్కలో కేరళకు 94. ఈ పరాభవాన్ని నేను ఇన్నేళ్లుగా ఒంటరిగా మోస్తున్నాను. ఉత్తర కొరియా అయితే నూటికి నూరని చెప్పుకుంది. అక్కడ చదవడానికి ఏం దొరుకుతుందన్నది వేరే సంగతి, శాతం శాతమే.

ఇంత తేడా ఎందుకొచ్చిందా అని బ్రాడీపేట నాలుగో లైనులో టీ కొట్టు దగ్గర నిలబడి లోతుగా పరిశోధించాను. ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తే మన జనగణన దృష్టిలో అక్షరాస్యులే. పరీక్షేమీ పెట్టరు, ఇంటాయన చెప్పింది రాసుకుని పోతారు. మా పక్కింటాయన అప్పట్లో వాళ్లావిడకు చదువు రాదనే రాయించాడు. ఆ సమయానికి ఆవిడ లోపల పాల లెక్క రాసుకుంటోంది. ప్రపంచంలో చదవలేని పెద్దవాళ్లు దాదాపు 75 కోట్లమంది, అందులో మూడింట రెండొంతులు ఆడవాళ్లు అని యునెస్కో అంటుంది. మా పక్కింటావిడను ఎందులో వేశారో మరి.

ధనిక దేశాలకు ఈ బాధ కూడా లేదు. చాలావరకు అవి లెక్కే పంపవు. అలాంటి దేశాలకు ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదికల్లో 2009 దాకా 99 శాతం వేసుకుని సరిపెట్టేవారు. పరీక్షకే రాని పిల్లాడికి 99 మార్కులన్నమాట! ఈ కిటుకు మన కార్పొరేట్ కాలేజీలకు ఇంకా తెలియలేదు, తెలిస్తే విజయవాడలో హోర్డింగులకు చోటు చాలదు. చాద్, నైజర్ పాపం అమాయకంగా లెక్క అప్పజెప్పి అట్టడుగున నిలబడతాయి.

ఇక మా మేనత్త సంగతి. పగలంతా మిర్చి ముచ్చికలు తీసి, మండే చేతులతోనే 1990ల్లో రాత్రిబడిలో పలక పట్టింది. సంతకం వచ్చింది. సంతకం ఒక్కటే వస్తే జనగణనలో అక్షరాస్యురాలు కాదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అలాంటి బడిలోనే సారా గురించి చదివి, నేరుగా సారా కొట్ల మీదికే వెళ్లారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆపాల్సొచ్చింది. ఆడవాళ్లకు అక్షరం ముక్క నేర్పితే ఖజానాకు ఎంత చిల్లు పడుతుందో ప్రభుత్వాలకు అప్పుడే తెలిసొచ్చి ఉంటుంది.

మా చిన్నప్పుడు 'వేలిముద్రగాడు' అంటే పెద్ద తిట్టు. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్ అబ్బాయి రోజూ పొద్దున్నే వేలిముద్ర వేస్తే గానీ ఆఫీసు తలుపు తెరుచుకోదు. మొన్న రేషన్ కొట్టుకు అత్తతో నేనూ వెళ్లాను. ఆవిడ పెన్ను కూడా తెచ్చుకుంది.

"సంతకం ఎవరిక్కావాలి మామ్మగారూ, వేలు పెట్టండి" అన్నాడు కొట్టతను.

పెట్టింది. మిషన్ ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు ముచ్చికలు తీసిన వేలికి గీతలెక్కణ్ణుంచి వస్తాయి? కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. వెనక లైను గొణుగుతోంది.

"పోనీ, ఒక్కసారి సంతకం పెట్టి చూడనా నాయనా?" అంది అత్త, పెన్ను మూత తీస్తూ.