గుడ్లగూబ అరిచేది మన చావు కోసం కాదు

2017 చివర్లో విశాఖపట్నంలో కడుతున్న ఓ భవనంలో తీసిన వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లటి మొహాలు, నల్లటి కళ్లు, మనుషుల్లా నిటారుగా నిలబడ్డ ఆకారాలు. గ్రహాంతరవాసులంటూ దేశమంతా షేర్ చేసింది. తీరా అవి ఈకలు సరిగా రాని తెల్ల గుడ్లగూబ పిల్లలు. గుడి గోపురాల్లో, పాత గోడౌన్లలో తరతరాలుగా మన మధ్యే కాపురం ఉంటున్న పక్షిని మనం పోల్చుకోలేకపోయాం, ఎందుకంటే దాన్ని ఎప్పుడూ చూడం, చీకట్లో అరుపు మాత్రం వింటాం, మిగతాదంతా మన భయమే కల్పించుకుంటుంది.

ఆ అరుపు భయపెట్టే మాట నిజమే. తెల్ల గుడ్లగూబ గొంతు చించుకున్నట్టు గరగరమని కీచుమంటుంది. ఆకలేసిన పిల్లలు గూట్లో బుసకొడుతుంటే అటకమీద పాము దూరిందనుకుంటాం. కానీ అందులో ఉన్నదల్లా జోడీని పిలవడం, ఇది నా చోటని చెప్పడం, తిండి అడగడం. మరి చావు కబురనే పేరు ఎలా వచ్చింది? నాకు తోచేది ఇది: మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లోనే అర్ధరాత్రి దాకా దీపం వెలుగుతుంది, నలుగురూ టెన్షన్‌తో మేలుకుని ఉంటారు, దీపానికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం పగిడికంటె అనే చిన్న గుడ్లగూబ వచ్చి గోడమీద వాలుతుంది. తెల్లారేసరికి ఆ మనిషి పోతే నింద పిట్టమీద పడుతుంది. కోలుకుని లేచి కూర్చుంటే పిట్ట ఊసే ఎవరూ ఎత్తరు.

మన ఇంట్లో దూరితే శాంతి చేయించాలనుకునే ఈ తెల్ల గుడ్లగూబే బెంగాల్లో లక్ష్మీదేవి వాహనం, ఇంటికొస్తే శుభం. పక్షి ఒకటే, దాని కూతా ఒకటే. అయితే ఆ గౌరవం కూడా దాన్ని కాపాడలేదు, ఉత్తరాదిలో దీపావళి రోజుల్లో క్షుద్రపూజల కోసం గుడ్లగూబల్ని పట్టి అమ్ముతున్నారని 2010లో వన్యప్రాణుల వ్యాపారంపై కన్నేసి ఉంచే ట్రాఫిక్ ఇండియా అనే సంస్థ నివేదిక బయటపెట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టుకోవడమూ నేరమే, అమ్మడమూ నేరమే.

ఇక పొలం సంగతి. తెల్ల గుడ్లగూబ చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, అందువల్ల కటిక చీకట్లో గడ్డిలో ఎలుక కదిలినా ఆ చప్పుడు ఎక్కడిదో దానికి ఇట్టే తెలుస్తుంది. రెక్క ముందంచున దువ్వెన పళ్లలాంటి ఈకలుండటంతో ఎగిరినా చప్పుడు రాదు. ఎలుకను అమాంతం మింగేసి, అరగని బొచ్చునీ ఎముకల్నీ ఉండచుట్టి కక్కేస్తుంది. అది వాలే చోట కింద పడిన ఉండను విప్పి చూడండి, ఎలుక దవడలు పళ్లతో సహా దొరుకుతాయి. మనమేమో విషపు ఎర పెట్టి ఎలుకతో పాటు దాన్ని తిన్న పక్షినీ చంపుకుంటున్నాం.

మలేషియాలో పామాయిల్ తోటల్లో గెలలు కొరికే ఎలుకల కోసం స్తంభాలకు పెట్టెలు కట్టి ఈ పక్షుల్ని పిలిచి మరీ పెంచారు. గోదావరి జిల్లాల నుంచి ఖమ్మం దాకా అదే పంట వేయిస్తున్న మన ఉద్యానశాఖలు మొక్కలతో పాటు గూటిపెట్టె కూడా ఇవ్వాలి, దాన్ని ఎక్కడ ఎంత ఎత్తులో కట్టాలో రైతుకు దగ్గరుండి చూపించాలి. విషపు ఎరలకయ్యే ఖర్చులో కొంత అటు మళ్లించినా పని మొదలుపెట్టొచ్చు.