శస్త్రచికిత్స ఒక్కటే కాదు, గుర్తించడమూ ముఖ్యమే

పేద దేశాల్లో గుండె లోపంతో పుట్టిన పసిబిడ్డలు శస్త్రచికిత్సకు నోచుకోక చనిపోతున్నారని ఒక వ్యాసంలో చదివాను. నిజమే. కానీ మా ఆదోని లాంటి ఊళ్లలో ఆలస్యం అంతకంటే ముందే మొదలవుతుంది.

మా చెల్లెలి కూతురికి ఆరో వారం. రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేసేది. పాలు తాగుతుంటే నుదుటి మీద చెమట ముత్యాల్లా పట్టేది, డొక్కలు ఎగరేసేది. అమ్మ దిష్టి తీసింది. మొదట చూసిన డాక్టరు జలుబు మందు రాసి పంపారు. బరువు పెరగడం లేదని మరో పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, ఆయన స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. గుండె గోడలో రంధ్రం. గుండెను స్కాన్ చేసి చూసే ఎకో పరీక్షకు కర్నూలు వెళ్లాలి, దాదాపు 100 కిలోమీటర్లు. బస్సులో బిడ్డను ఒళ్లో పెట్టుకుని దారంతా దాని ఊపిరి లెక్కపెట్టాను.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద జరిగింది. ఇప్పుడు బడికి వెళ్తోంది.

నూరు మంది శిశువుల్లో దాదాపు ఒకరికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. పుట్టిన 24 గంటల తర్వాత కుడిచేతికి, ఒక పాదానికి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తే, ప్రాణాంతకమైన లోపాల్లో చాలావాటిని పసిగట్టవచ్చు. నొప్పి ఉండదు, సూది ఉండదు, కొద్ది నిమిషాల పని. రంధ్రాలు మాత్రం అందులో తరచూ తప్పిపోతాయి, అందుకే తల్లులకు ఆ చెమట గురించి కూడా చెప్పాలి. కాన్పు అయిన ప్రతి ఆసుపత్రిలో ఈ రెండూ జరిగేలా అధికారులు చూడాలని వేడుకుంటున్నాను.