సైకిల్‌కీ సంతానానికీ పెట్టిన లంకె

ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు అలుపు లేకుండా తిరుగుతున్న ఆ సందేశం సారం ఇది. రోజూ సైకిల్ తొక్కే మగవాళ్లకు అంగస్తంభన దెబ్బతింటుంది. సీటు వేడికి వీర్యకణాలు చచ్చిపోతాయి. వృషణాల్లో క్యాన్సర్ కూడా రావచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లు సైకిల్‌ను మూలన పెట్టాలి, మానలేనివాళ్లు మెత్తటి జెల్ సీటు కొనుక్కోవాలి. ఇదంతా డాక్టర్లు తేల్చిందేనని చివర ఒక ముద్ర. ఏ డాక్టర్లు, ఎప్పుడు, వారానికి ఎన్ని గంటలు తొక్కేవాళ్లను చూసి తేల్చారో మాత్రం అందులో ఉండదు.

పూర్తి అబద్ధమైతే ఒక్క వాక్యంలో కొట్టిపారేయవచ్చు. దీంట్లో అక్కడక్కడ నిజాలు ఇరుక్కుని ఉన్నాయి కాబట్టి విడివిడిగా చూడాలి.

మొదటిది అంగస్తంభన. ఈ భయానికి పుట్టిన తేదీ ఉంది. 1997లో ఇర్విన్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికన్ యూరాలజిస్టు (మూత్రనాళ, పురుషాంగ సమస్యల వైద్యుడు), సైకిల్ తొక్కే మగవాళ్లందరూ నేడో రేపో ఈ లోపం బారిన పడేవాళ్లేనన్న అర్థంలో ఒక సైక్లింగ్ పత్రికలో మాట్లాడారు. ఆ మాట అప్పట్లోనే పెద్ద దుమారం రేపింది. యూరాలజిస్టు దగ్గరకు వచ్చేది ఇబ్బంది ఉన్నవాళ్లే; ఏ ఇబ్బందీ లేనివాళ్లు ఆ తలుపు తట్టరు. తన ముందు కూర్చున్న రోగులను చూసి లోకంలోని సైక్లిస్టులందరి గురించీ తీర్పు చెబితే ఎలా?

అదే ఏడాది నార్వే నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ట్రోండ్‌హైమ్ నుంచి ఓస్లో వరకు 540 కిలోమీటర్లు సాగే పోటీలో పాల్గొన్నవాళ్లను అడిగితే, మగవాళ్లలో దాదాపు 13 శాతం మంది ఆ తర్వాత అంగస్తంభనలో ఇబ్బంది కలిగిందన్నారు. వాళ్లలో సుమారు సగం మందికి అది వారంలోపే తగ్గింది, మిగతావాళ్లకు వారం దాటింది. భయపెట్టేవాళ్లకు ఈ 13 శాతం బాగా నచ్చుతుంది, 540 కిలోమీటర్ల సంగతి మాత్రం గుర్తుండదు. ఆఫీసుకు అరగంట సైకిల్ మీద వెళ్లివచ్చే మనిషికి ఈ లెక్క వర్తించదు.

తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు ఈ సందేశానికి ఊతమివ్వలేదు. మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్ల మీద జరిగిన పరిశోధనను 2001లో విశ్లేషిస్తే, వారానికి 3 గంటల లోపు తొక్కేవాళ్లలో ముప్పు తగ్గే దిశగా, 3 గంటలు దాటినవాళ్లలో పెరిగే దిశగా మొగ్గు కనిపించింది. 2014లో బ్రిటన్‌లో 5,282 మంది మగ సైక్లిస్టులను పరిశీలించినప్పుడు, తొక్కే గంటలకూ అంగస్తంభన లోపానికీ సంబంధం కనిపించలేదు. సంతానలేమితోనూ కనిపించలేదు. 2018లో సైక్లిస్టులను ఈతగాళ్లతోనూ పరుగెత్తేవాళ్లతోనూ పోల్చారు. లైంగిక సామర్థ్యంలో సైక్లిస్టులు వాళ్లకు తీసిపోలేదు. అయితే వయసునూ ఇతర జబ్బులనూ లెక్కలోకి తీసుకుని పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో సైక్లిస్టులకు ముప్పు ఎక్కువగానే తేలింది. కాబట్టి అసలేమీ జరగదని నేను రాయను. గంటల తరబడి తొక్కేవాళ్లు జాగ్రత్తపడాలి. సందేశం చెప్పినట్టు ప్రతి సైకిలూ ప్రతి మగవాణ్నీ నపుంసకుణ్ని చేస్తుందనడం మాత్రం కల్పన.

ఎందుకు జాగ్రత్తపడాలో శరీర నిర్మాణమే చెబుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు బరువు పిరుదుల కింది రెండు ఎముకల మీద పడుతుంది. సన్నటి ముక్కున్న సైకిల్ సీటు మీద ముందుకు వంగితే ఆ బరువు ఎముకలను వదిలి వృషణాలకూ మలద్వారానికీ మధ్య ఉన్న మెత్తటి చోటికి జరుగుతుంది. పురుషాంగానికి స్పర్శ ఇచ్చే నరమూ రక్తం తెచ్చే నాళమూ ఆ దారినే వెళ్తాయి. అవి సీటుకూ కటి ఎముకకూ మధ్య నలిగితే ముందుగా వచ్చేది తిమ్మిరి. సైక్లిస్టులు ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి మొహమాటపడే సమస్య ఇదే. శరీరం ఇస్తున్న అసలు హెచ్చరికా ఇదే. సందేశంలో దీని ఊసే లేదు.

ఇక చివర్లో ఇచ్చిన సలహా, మెత్తటి జెల్ సీటు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇది, ఎందుకంటే చాలామంది నమ్మి ఆచరించేది దీన్నే. చేత్తో నొక్కి చూస్తే హాయిగా ఉండే సీటు ఎక్కి కూర్చున్నాక వేరేగా పనిచేస్తుంది. ఎముకలు ఆ మెత్తదనంలోకి దిగబడతాయి, మధ్యలో మెత్త పైకి ఉబికి నొక్కకూడని చోటే నొక్కుతుంది. 2002లో జర్మనీ పరిశోధకులు పురుషాంగానికి అందే ఆక్సిజన్‌ను రకరకాల సీట్ల మీద కొలిచారు. బాగా మెత్త వేసిన సన్నటి సీటు మీద అది దాదాపు 82 శాతం పడిపోయింది. ముక్కు లేని వెడల్పాటి సీటు మీద పడిపోయింది సుమారు 20 శాతమే. మెత్తదనం కన్నా వెడల్పూ ఆకారమూ ముఖ్యమని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం.

దీన్ని రోడ్డు మీద పరీక్షించిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో సైకిళ్ల మీద గస్తీ తిరిగే పోలీసులు 90 మంది చేత 6 నెలలు ముక్కు లేని సీట్లు వాడించారు. మొదట్లో 73 శాతం మంది తిమ్మిరి ఉందన్నారు, చివరికి ఆ సంఖ్య 18 శాతానికి దిగింది. అంగస్తంభన గురించి వాళ్లు చెప్పుకున్నదీ మెరుగుపడింది. అంతకాలమూ వాళ్లు సైకిల్ దిగలేదు, సీటు మారిందంతే.

ముక్కు లేని సీటు అందరికీ అలవాటు కాదు. మలుపుల్లో తొడలతో సైకిల్‌ను అదుపు చేయడం కష్టమనేవాళ్లున్నారు. వాళ్లు ఎముకలు ఆనేంత వెడల్పుతో, మధ్యలో గాడి ఉన్న సీటు చూసుకోవచ్చు. సీటు ముక్కు పైకి లేవకుండా బిగించాలి, హ్యాండిల్ సీటు కంటే కిందకు ఉండకూడదు. మధ్యమధ్య పెడళ్ల మీద లేచి నిలబడి తొక్కాలి; అలా నిలబడేవాళ్లలో తిమ్మిరి తక్కువని పైన చెప్పిన 2018 అధ్యయనమే చూపింది. ఇన్ని చేసినా తిమ్మిరి మళ్లీ మళ్లీ వస్తుంటే ఓర్చుకోవడం తెలివి కాదు, డాక్టరుకు చూపించుకోవాలి.

క్యాన్సర్ విషయం క్లుప్తంగా. పేరున్న అమెరికన్ సైకిల్ పందేల ఆటగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో వృషణ క్యాన్సర్ బయటపడింది, ఆయన సైక్లిస్టు, కాబట్టి సైకిలే కారణం. తర్కం ఇంతే! వృషణం పుట్టుకలో కిందకు దిగకపోవడం, కుటుంబంలో ఆ జబ్బు ఉండటం లాంటివి తెలిసిన ముప్పు కారణాలు. సైకిల్ తొక్కడం వాటిలో లేదు. సీటు ఒరిపిడికి క్యాన్సర్ పుట్టదు. మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి కోసం పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష ఉంటే మాత్రం ముందు రెండు రోజులు సైకిల్ తొక్కవద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు. అది పరీక్ష అంకె తారుమారు కాకుండా తీసుకునే జాగ్రత్త.

మిగిలింది వీర్యకణాలు. వృషణాలు శరీరం కంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలన్నది నిజం. కానీ సైకిల్ మీద కాళ్లు కదులుతాయి, గాలి ఆడుతుంది. కాళ్లు దగ్గరగా పెట్టుకుని గంటల తరబడి కుర్చీలో కూర్చునేవాళ్లకే అక్కడ వేడి పేరుకునే వీలు ఎక్కువ. ఆ కుర్చీ మీద ఎవరూ సందేశాలు పంపరు.

ఆందోళన కలిగించిన ఫలితం ఒకటుంది, దాచను. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో ఐవీఎఫ్ (శరీరం బయట అండాన్ని ఫలదీకరించే వైద్యం) కేంద్రాలకు వచ్చిన 2 వేలకు పైగా మగవాళ్లను పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, వారానికి 5 గంటలు, అంతకు మించి సైకిల్ తొక్కేవాళ్లలో వీర్యకణాల సాంద్రతా కదలికా తక్కువగా కనిపించాయి. స్పెయిన్‌లో వారానికి 300 కిలోమీటర్లు దాటి తొక్కే ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) క్రీడాకారుల్లో సరైన ఆకారమున్న కణాలు 4 శాతం లోపే ఉన్నాయి. మొదటిది సంతానం కోసం వైద్యానికి వచ్చినవాళ్ల లెక్క, రెండోది ఒళ్లు హూనం చేసుకునే కఠోర సాధన లెక్క. పైగా వీర్యకణాలు తగ్గడం వేరు, సంతానం కలగకపోవడం వేరు.

కాబట్టి గర్భం కోసం ప్రయత్నిస్తున్నా రోజుకు అరగంట తొక్కే మనిషి సైకిల్ మానక్కర్లేదు. వారానికి పదేసి గంటలు తొక్కుతూ వీర్యపరీక్షలో లోపం కనిపిస్తే కొంత తగ్గించి చూడటం సబబు. కణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి తేడా తెలియాలంటే 3 నెలలైనా ఆగి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. వారం మానేసి ఫలితం కోసం ఎదురుచూడటం వృథా. ఏడాది ప్రయత్నించినా, భార్య వయసు 35 దాటితే 6 నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి డాక్టరును కలవాలి. పొగ తాగడం, వృషణాల చుట్టూ సిరలు ఉబ్బడం లాంటివాటితో పాటు సైకిల్ గంటలూ అక్కడ చెప్పాలి. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వాడుతుంటే అదీ దాచకూడదు. మగతనం పెంచుతాయని కొందరు తీసుకునే ఆ ఇంజెక్షన్లు వీర్యకణాల తయారీని దాదాపు ఆపేయగలవు. ఏ సైకిల్ సీటూ అంత పని చేయలేదు.